గట్టు అవతల కుక్క, ఇవతల మనం: దూరం నుంచి చెప్పిన మాట వినేలా నేర్పడం

మా ఇల్లు కోనసీమలో అంబాజీపేట దగ్గర ఒక పల్లెలో, పంట కాలువ పక్కన. ఇంటికీ కాలువకీ మధ్య గట్టు రోడ్డు. మూడేళ్ళ కిందట ఒక సాయంత్రం మా బుల్లోడు రోడ్డు దాటి కాలువ వైపు తుప్పల్లో ఏదో వాసన చూస్తున్నాడు. బుల్లోడంటే మా కుక్క. ఊరకుక్కే, గోధుమ రంగు, ఒక చెవి నిలబడి ఉంటుంది, రెండోది వాలిపోయి ఉంటుంది. నేను గేటు దగ్గర నిలబడి "బుల్లోడా, దా!" అన్నాను. ఆరు నెలలు కష్టపడి నేర్పిన పిలుపు అది. వాడు తల ఎత్తి, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా నా వైపు పరుగు తీశాడు. అదే సమయానికి కొబ్బరికాయల లోడుతో ఒక మినీ లారీ వచ్చింది. బ్రేకు పడింది కాబట్టి సరిపోయింది. డ్రైవరు తిట్టిన తిట్లు ఇక్కడ రాయను గానీ, వాటిలో అబద్ధం ఒక్కటీ లేదు. మాట విననందుకు కాదు, విన్నందుకే నా కుక్క చావబోయింది.

దూరం నుంచి కుక్కకి నేర్పడం అంటే అందరికీ ముందు గుర్తొచ్చేది "రా" అనే మాటే. మన ప్రాంతంలో అది సరిపోదు. కాటన్ దొర 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాక కాలువలు వచ్చాయి, కాలువలతో గట్లు వచ్చాయి, ఆ గట్లే ఇప్పుడు మన రోడ్లు. మనకీ కుక్కకీ మధ్య ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుంది: రోడ్డో, చేలోకి నీళ్ళు పారే బోదో, రొయ్యల చెరువు మోటారు వైరో. అందుకే ఇక్కడి కుక్క ముందు నేర్చుకోవాల్సింది ఉన్నచోట ఆగడం. రావడం ఆ తర్వాత.

ఆగడం ఎలా నేర్పాలో తెలియాలంటే ముందు ఒక సంగతి అర్థం కావాలి. మనం ఇంట్లో "కూర్చో" నేర్పేటప్పుడు కుక్క ఎక్కడుంటుంది? మన కాళ్ళ ముందు. తినడానికి పెట్టే ముక్క ఎక్కడ నుంచి వస్తుంది? మన చేతిలోంచి. కాబట్టి దాని లెక్కలో "కూర్చో" అంటే "వచ్చి ఈయన కాళ్ళ ముందు కూర్చోవడం". ముప్పై అడుగుల దూరం నుంచి అదే మాట చెబితే అది పరుగున వచ్చి మన ముందు కూర్చుంటుంది. మొండితనం కాదు, మనం నేర్పిందే చేస్తోంది. దూరంలో ఆగాలంటే దానికి దక్కేది కూడా ఆ దూరంలోనే దక్కాలి. అంటే ముక్క మన దగ్గరికి వచ్చి తినేది కాదు, అది నిలబడ్డ చోటికి మనం తీసుకెళ్ళి పెట్టేది, లేదా విసిరేది. కింద రాసిన మెట్లన్నీ ఈ ఒక్క మాట మీదే నడుస్తాయి.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

ఛాతీకి వేసే బెల్టు ఒకటి, షాపుల్లో హార్నెస్ అంటారు. పది మీటర్ల సన్నని నైలాన్ తాడు, మధ్యలో ముడులు లేకుండా; ముడి ఉంటే కొబ్బరి మొదళ్ళకి చిక్కుకుంటుంది. ఈ పొడవాటి తాడు మెడ పట్టీకి ఎప్పుడూ కట్టొద్దు. పరుగులో ఉన్న కుక్క తాడు చివరికి వచ్చేసరికి ఆ దెబ్బంతా మెడ మీద పడుతుంది. తాడుని ఉత్త చేతులతో పట్టుకోకండి, జారితే అరచేయి కాలిపోతుంది. నాకు కాలింది, వారం రోజులు అన్నం చెంచాతో తిన్నాను.

ఒక గోనె సంచి. ఒక విజిల్. లోపల గోళీ లేని రకం తీసుకోండి, తడిసినా మోగుతుంది. వేటకుక్కల కోసం అమ్మే అక్మే విజిళ్ళ మీద 210.5, 211.5 అని నెంబర్లుంటాయి. ఒకే నెంబరు విజిళ్ళు ఒకే శ్రుతిలో పలుకుతాయి. పాతది బోదెలో పడిపోయినా అదే నెంబరు కొత్తది కొంటే కుక్కకి తేడా తెలియదు. మనిషికి వినబడని విజిల్ అని ఒకటి అమ్ముతారు. మన చెవికి ఇరవై వేల హెర్ట్జ్ దాకా, కుక్కకి సుమారు నలభై ఐదు వేల దాకా వినబడుతుంది కాబట్టి అది అబద్ధమేమీ కాదు. కానీ మోగిందో లేదో మనకే తెలియని దాన్ని పట్టుకుని ఏం నేర్పుతాం?

ఇక ముక్కలు. చికెన్ కొట్లో కార్జం అడిగి, ఉప్పూ కారం ఉల్లిపాయ ఏమీ లేకుండా ఉడికించి, శనగగింజంత ముక్కలు కోయండి. ఒక విడతకి ఇరవై సరిపోతాయి. రోజూ కార్జమే వద్దు, మధ్యలో మామూలు ఉడికించిన చికెన్, గుడ్డు పెట్టండి, ఆ మేరకు రాత్రి అన్నం తగ్గించండి. ఎండు రొయ్యలకి కుక్కలు పిచ్చెక్కిపోతాయి కానీ ఉప్పు ఎక్కువ. మా చుట్టం ఒకాయన పూతరేకు ముక్క ఆశపెట్టి కూర్చోబెట్టడం కళ్ళారా చూశాను. తీపి వద్దండీ. కిస్‌మిస్, ద్రాక్ష, చాక్లెట్ అసలే వద్దు, అవి కుక్కకి విషం.

రేబిస్ టీకా మూడు నెలల వయసులో మొదలుపెట్టి, తర్వాత డాక్టరు చెప్పిన లెక్కన క్రమం తప్పకుండా వేయిస్తున్నారనే అనుకుంటున్నాను. చేలల్లో తిప్పే కుక్కకి లెప్టోస్పిరోసిస్ టీకా సంగతి కూడా అడగండి. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళ వల్ల వచ్చే జబ్బు అది, మనుషులకీ అంటుకుంటుంది. మన చేలల్లో ఎలుకలకీ నీళ్ళకీ కొదవ లేదు.

మాటలు ఎంచుకోవడం

ఇక్కడ చాలామంది తొందరపడతారు. "రా" అనే మాట మన ఇళ్ళల్లో రోజుకి ఎన్నిసార్లు వినబడుతుందో ఒకసారి లెక్కపెట్టండి. "ఒరేయ్ ఇటు రారా", "అన్నానికి రండి", "ఏరా వచ్చావా". కుక్క చెవిలో ఆ శబ్దం ఫ్యాను చప్పుడుతో సమానం అయిపోతుంది. "ఆగు" కూడా అంతే, మా అమ్మ పిల్లల్ని పొద్దున్నుంచి రాత్రి దాకా ఆగరా ఆగరా అంటూనే ఉంటుంది. నేను రావడానికి "దా", ఆగడానికి "స్టాప్", పడుకోవడానికి "డౌన్", వదిలేయడానికి "పద" పెట్టుకున్నాను. మీకు నచ్చినవి పెట్టుకోండి. కానీ పొట్టిగా ఉండాలి, ఒకదానికొకటి పోలిక ఉండకూడదు, ఇంట్లో అందరూ అవే వాడాలి. వీధిలో పిల్లలు సరదాకి "ఉస్కో" అని ఉసిగొల్పుతుంటే మాత్రం ముందు వాళ్ళని ఆపండి. ఆ ఒక్క మాట మీ నెల రోజుల కష్టాన్ని తినేస్తుంది.

విజిల్‌కి వేటకుక్కల వాళ్ళు వాడే పద్ధతే మంచిది: ఒక్క పొడవాటి ఊత అంటే ఆగు, చిన్న చిన్న ఊతలు వరసగా అంటే రా.

చేతి సైగలు కూడా కావాలి. మధ్యాహ్నం దాటాక పైరగాలి మొదలైతే గాలికి ఎదురు వేసిన కేక యాభై అడుగులు కూడా సరిగ్గా వెళ్ళదు. ఆగడానికి చెయ్యి నిటారుగా పైకెత్తి అరచేయి చూపించండి. పడుకోవడానికి ఎత్తిన చేతిని కిందికి దించండి. కుక్క కన్ను నిలబడ్డ వస్తువు కంటే కదిలే వస్తువుని బాగా పసిగడుతుంది కాబట్టి సైగ పెద్దగా, భుజం నుంచి కదలాలి. ఇంకో సంగతి. పచ్చటి చేలో ఎర్ర తువ్వాలు ఊపితే మనకి కొట్టొచ్చినట్టు కనబడుతుంది, కుక్కకి కనబడదు. దానికి ఎరుపూ ఆకుపచ్చా దాదాపు ఒకే మసక రంగు. నీలం, పసుపు తేడా తెలుస్తుంది. ఊపాలనుకుంటే తెల్లదో నీలందో ఊపండి.

మొదటి మెట్టు: "అదీ!"

కుక్క సరైన పని చేసిన క్షణానికీ ముక్క నోట్లో పడే క్షణానికీ మధ్య మనం నడిచి వెళ్ళాలి కదా, ఆ ఖాళీని నింపే మాట ఒకటి కావాలి. నాది "అదీ!". రెండు రోజులు వేరే పనేమీ చెప్పకుండా "అదీ!" అనడం, వెంటనే ముక్క పెట్టడం. రోజుకి మూడుసార్లు, ఒక్కోసారి పది ముక్కలు. అది వేరేవైపు చూస్తున్నప్పుడు "అదీ!" అంటే గిరుక్కున తిరిగిందంటే ఈ మెట్టు అయిపోయింది. ఇక నుంచి కుక్క ఆగిన సెకనులోపే ఆ మాట పడాలి. ముక్క రెండు మూడు సెకన్లు ఆలస్యమైనా ఫర్వాలేదు. మాట ఆలస్యం కాకూడదు.

రెండో మెట్టు: గోనె సంచి

అరుగు ఉన్న ఇల్లయితే అదృష్టవంతులు. సంచి అరుగు మీద పరవండి. అంచు ఉంటుంది కాబట్టి కుక్క ముందుకి జరిగితే మనకీ దానికీ కూడా తెలుస్తుంది. కుక్క సంచి మీదికి ఎక్కితే "అదీ!", ముక్క సంచి మీదే పెట్టాలి. చేతిలోంచి ఇవ్వొద్దు. నాలుగైదు పూటలకి అది తనంతట తానే వెళ్ళి సంచి మీద నిలబడి మన వంక చూస్తుంది. అప్పుడు ఒక అడుగు వెనక్కి వేయండి, "అదీ!" అనండి, మళ్ళీ వెళ్ళి సంచి మీద పెట్టండి. రెండడుగులు. ఐదు. ప్రతిసారీ మీరే వెళ్ళాలి. విసుగొస్తుంది. మోకాళ్ళు నొప్పెడతాయి. అయినా పిలిచి పెట్టొద్దు, పిలిస్తే మొత్తం మళ్ళీ మొదటికొస్తుంది. పూట అయిపోయాక "పద" అని వదిలేయండి.

దూరం కొలవడానికి మన తోటలే చాలు. పద్ధతిగా వేసిన తోటలో కొబ్బరి చెట్టుకీ చెట్టుకీ సుమారు పాతిక అడుగులు. నేను "ఒక చెట్టు దూరం, రెండు చెట్ల దూరం" అని లెక్క పెట్టుకున్నాను. పదిసార్లలో ఎనిమిది సార్లు కుదిరితే దూరం పెంచడం, ఐదు కంటే తగ్గితే వెనక్కి రావడం. అరుగు నుంచి ఒక చెట్టు దూరానికి మాకు పన్నెండు రోజులు పట్టింది. ఒక చెట్టు నుంచి నాలుగు చెట్లకి మాత్రం వారమే పట్టింది. మొదటి పాతిక అడుగులే కష్టం.

దూరం, ఆగాల్సిన సేపు, చుట్టూ గొడవ, ఈ మూడూ ఒకేసారి పెంచొద్దు. దూరం పెంచిన రోజు రెండు సెకన్లు ఆగినా చాలు.

కుక్క నెమ్మదిగా ముందుకి జరుగుతూ వచ్చేస్తోందా? దానికి తడిక మంచి మందు. దొడ్డి తడిక వేసి కుక్కని లోపల, మనం బయట నిలబడి ఇదే పని చేయాలి. తడిక దాటి రావడం కుదరదు కాబట్టి ఉన్నచోటే చేయడం అలవాటవుతుంది. మనం తడిక మీదుగా ముక్కని దాని కాళ్ళ దగ్గరికి, కుదిరితే దాని వెనక్కి విసరాలి. వెనక్కి విసిరితే అది ఒక అడుగు వెనక్కి వేస్తుంది, ముందుకి జరిగే బుద్ధి తగ్గుతుంది. "డౌన్" కూడా నేను తడిక అవతల నుంచే నేర్పాను, దాని గురించి వేరే చెప్పాల్సింది లేదు.

మూడో మెట్టు: పరుగులో ఆగడం

అసలు పని ఇదే. ఓపిక దీనికి దాచుకోండి.

మొదట నడకలో. కుక్క పక్కన నడుస్తుంటే చెయ్యెత్తి మీరు ఠక్కున ఆగండి. మీతో పాటు అదీ ఆగుతుంది. "అదీ!", ముక్క అది నిలబడ్డ చోటే నోటికి. మూడు నాలుగు రోజులు ఇంతే.

తర్వాత కుక్క మీ వైపు వస్తున్నప్పుడు. ఒకరిని కుక్కని పట్టుకోమని చెప్పి మీరు ఒక చెట్టు దూరం వెళ్ళి పిలవండి. అది సగం దూరం వచ్చేసరికి ఒక అడుగు ముందుకేసి చెయ్యెత్తండి. అదే చేతిలో ఉన్న ముక్కని దాని తల మీదుగా వెనక్కి విసరండి. మొదట్లో అది ఆగదు, ముక్క ఎటు పోయిందో చూడటానికి తిరుగుతుంది. చాలు. ఏడెనిమిది సార్లకి చెయ్యి లేవగానే బ్రేకు వేయడం మొదలవుతుంది, ఎందుకంటే మంచిది వెనకాలే పడుతుందని దానికి తెలిసిపోయింది. ఆ బ్రేకు పడిన క్షణంలో "అదీ!" అని, అప్పుడు విసరండి.

చెయ్యికి ఆగడం వచ్చాక విజిల్ కలపాలి. ఇక్కడ వరస ముఖ్యం. ముందు విజిల్, ఒక సెకను తర్వాత చెయ్యి. రెండూ కలిపి చేస్తే కుక్క చెయ్యినే చూస్తుంది, విజిల్‌ని పట్టించుకోదు. విజిల్ ముందొస్తే కొన్నాళ్ళకి చెయ్యి లేచేలోపే ఆగుతుంది. ఆ తర్వాత చెయ్యి తీసేయొచ్చు. "స్టాప్" అనే మాటకీ ఇదే పద్ధతి.

చివరిది, మననుంచి దూరంగా పోతున్న కుక్కని ఆపడం. తాడు కట్టి, అది పది అడుగులు ముందు నడుస్తున్నప్పుడు మొదలుపెట్టండి. ఆగితే పరుగున వెళ్ళి అక్కడే రెండు మూడు ముక్కలు పెట్టండి. ఆగకపోతే తాడు గుంజొద్దు, మెల్లగా బిగబట్టి నిలబడండి చాలు. మా పక్క తోట పాలికాపు ఒకాయన రోజూ గట్టు మీద కూర్చుని ఇదంతా చూసేవాడు. "ఆయ్, మీరు కుక్కకి నేర్పుతున్నారా, కుక్క మిమ్మల్ని పరుగెత్తిస్తోందా అండీ?" అని అడిగాడు ఒకరోజు. రెండూ నిజమే.

పిలిచిన ప్రతిసారీ మధ్యలో ఆపొద్దు. ఆరుసార్లు పిలిస్తే ఒకసారి ఆపండి. లేకపోతే ఎలాగూ ఆపుతారులే అని అది నెమ్మదిగా రావడం మొదలుపెడుతుంది. అలా నా పిలుపుని నేనే పాడుచేసుకుని మళ్ళీ మూడు వారాలు కూర్చున్నాను.

పిలుపు

ఒక్కసారే పిలవాలి. "దా దా దా దా" అంటే నాలుగో "దా"కి రావాలని నేర్చుకుంటుంది. రాకపోతే వెంటపడకండి, మీరే వెనక్కి తిరిగి వేరే దిక్కుకి పరుగెత్తండి. ముసలివాళ్ళకి ఇది ఇబ్బందే, నాలుగడుగులు చాలు. స్నానానికీ గొలుసు వేయడానికీ పిలుపు వాడొద్దు, అప్పుడు మీరే వెళ్ళి తీసుకురండి. పదిసార్లు పిలిస్తే ఎనిమిది సార్లు ముక్క పెట్టి మళ్ళీ "పద" అని వదిలేయాలి. వస్తే ఆట అయిపోతుందని అనుకున్న కుక్క ఎందుకు వస్తుంది?

ఆరు నెలల నుంచి ఏడాదిన్నర మధ్య వయసులో నేర్చుకున్నదంతా మర్చిపోయినట్టు ప్రవర్తిస్తుంది. మనింట్లో ఇంటర్ కుర్రాడు ఉంటే తేడా తెలియదు. తాడు మళ్ళీ కట్టి నెల రోజులు నడిపించండి, కొట్టొద్దు. కరెంటు కాలర్లు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు, వాటి జోలికి పోవద్దు. షాకు తగిలిన క్షణంలో కుక్క చూస్తున్నది పక్కింటి పిల్లాడినైతే, ఆ నొప్పి ఆ పిల్లాడి వల్ల వచ్చిందనుకుంటుంది.

తోట దాటి బయటికి

పెరట్లో వచ్చింది గట్టు మీద రాదు. చోటు మారినప్పుడల్లా దూరం మళ్ళీ పది అడుగులకి తగ్గించి మొదలుపెట్టాలి. నా వరస ఇది: తోట, జనం తిరగని పుంత, కోతలయిన చేను, చివరికి గట్టు. కోడిపెట్టల దగ్గర నిలబడగలిగిన తర్వాతే ఊరకుక్కల దగ్గరికి, ఆ తర్వాతే బాతుల దగ్గరికి. కోతలయ్యాక చేలల్లోకి బాతుల మందలు దిగుతాయి కదా, బుల్లోడికి అదే ఆఖరి పరీక్ష. మూడుసార్లు తప్పాడు. నాలుగోసారి మందకి నాలుగు చెట్ల దూరంలో తాడుతోనే విజిల్ వేస్తే ఆగి, ఒళ్ళంతా వణుకుతూ బాతుల్నే చూస్తూ నిలబడ్డాడు. ఆ రోజు ముక్కల డబ్బా మొత్తం అక్కడే బోర్లించాను.

వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు మంచి అవకాశం దొరుకుతుంది. నీళ్ళు లేని కాలువకి అవతలి ఒడ్డున తెలిసినవాళ్ళు కుక్కని తాడుతో పట్టుకుంటే, మీరు ఇవతల నుంచి విజిల్, సైగ సాధన చేయొచ్చు. ముక్క అవతలి మనిషి పెట్టాలి. పొద్దున్న ఏడు లోపే ముగించండి. కుక్క రొప్పుతూ నాలుక తడి ఆరబెట్టుకుని ఒళ్ళు చల్లబరుచుకుంటుంది, మన ఉక్కలో ఆ తడి ఆరదు. తారు రోడ్డు మీద చేతి వెనకభాగం ఏడు సెకన్లు ఆనించలేకపోతే దాని కాళ్ళకీ కాలుతుంది. చొంగ కారుస్తూ తూలితే నీడకి తీసుకెళ్ళి ఒంటి మీద నీళ్ళు పోస్తూ డాక్టరుకి ఫోన్ చేయండి.

కొబ్బరికాయల దింపు జరుగుతున్న తోటలో సాధన వద్దు, కాయ ఎక్కడ పడుతుందో కుక్కకి తెలియదు. గడ్డిమేటు దగ్గరా ఎలుక బొరియల దగ్గరా తాచు, రక్తపింజరి ఉంటాయి, అక్కడ కుక్కని ఎక్కువసేపు ఆపి ఉంచొద్దు. ఏరియేటర్లు తిరిగే చెరువుల గట్టు మీద తాడు విప్పనే విప్పొద్దు.

నేను ఊళ్ళో లేనప్పుడు ఎలా అనేది ఆఖరున గుర్తొచ్చింది. వాడు నా విజిల్‌కి ఆగుతున్నాడు, మా అమ్మ గొంతుకి ఆగడం లేదు. అందుకని అమ్మతో గోనె సంచి దగ్గర నుంచి మళ్ళీ మొదలుపెట్టించాను. ఆవిడ "స్టాప్" అనదు, "నిలబడరా సన్నాసీ" అంటుంది. ప్రతిసారీ ఒకే రాగంలో అంటుంది కాబట్టి పది రోజులకే పనిచేసింది. ఇప్పుడు గేటు తీయగానే బుల్లోడు రోడ్డు అంచున ఆగి ఆవిడ వంక చూస్తాడు, ఆవిడ చీర కొంగులో ముడి విప్పుకుంటూ వాడి దగ్గరికి నడుస్తుంది.